ఊళ్లో లేనివారి మాట గ్రామసభలో ఎలా పడుతుంది?

పాఠకుల ప్రశ్నలు – పంచాయతీరాజ్ శాఖ విశ్రాంత ఉద్యోగిని జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. నేను షార్జాలో భవన నిర్మాణ పనిలో ఉన్నాను. వైకుంఠధామానికి (ఊరి శ్మశానానికి) దారి వేయడానికి మా పొలం అంచున కొన్ని గుంటలు తీసుకోవాలని మా పంచాయతీ అనుకుంటోంది. వచ్చే గ్రామసభలో ఆ సంగతి పెడతారట. నాకు సెలవు దొరకదు. ఫోనులో సభతో మాట్లాడవచ్చా? మాట్లాడితే అది లెక్కలోకి వస్తుందా? నా భార్య ఊళ్లోనే ఉంది కానీ నలుగురిలో మాట్లాడదు. ‘ఊళ్లో లేనివాడికి సభలో ఏం పని’ అని సర్పంచ్ గారు అన్నారని తెలిసింది.
– జగిత్యాల జిల్లా పాఠకుడు, షార్జా నుంచి

జవాబు: తమ్ముడూ, ముందు సర్పంచ్ గారి మాటకు జవాబు చెప్పాలి. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లిన మనిషి లేని వాడ కనిపించదు. వాళ్లు పంపిన డబ్బుతో ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు, గుడికి గోపురం వచ్చింది. గుడి చందాకు గుర్తొచ్చిన మనిషి సభకు గుర్తు రాకపోవడం అన్యాయం. చట్టం కూడా సర్పంచ్ గారి పక్షాన లేదు. గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్నవారందరూ కలిస్తేనే గ్రామసభ అని రాజ్యాంగం 243వ అధికరణం చెబుతోంది. జాబితాలో మీ పేరు ఉన్నంతకాలం మీరు షార్జాలో ఉన్నా ఆ సభ సభ్యులే.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవడం. ‘ఇంట్లో లేరు’ అని రాసి పేర్లు తీసేయడం నేను ఉద్యోగంలో ఉండగా చాలా ఊళ్లలో చూశాను. పని కోసం కొంతకాలం ఊరు విడిచినంత మాత్రాన స్థానికత పోదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఒకవేళ పేరు పోయి ఉంటే, విదేశాల్లో ఉంటున్న భారత పౌరుల కోసం 2010 సవరణతో వచ్చిన ఫారం 6ఏ ఉంది. పాస్‌పోర్టులో ఉన్న మన ఊరి చిరునామాతోనే దరఖాస్తు చేయవచ్చు.

ఇక ఫోను సంగతి. ఫోనులో ఉన్నవారిని హాజరైనట్టు లెక్కించే ఏర్పాటు మన 2018 పంచాయతీరాజ్ చట్టంలో లేదు. ఊరి ఓటర్ల సంఖ్యను బట్టి కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, ఉంటుంది. సభకు వచ్చి సంతకమో వేలిముద్రో వేసినవారితోనే అది నిండాలి. కాబట్టి మీరు ఫోనులో ఎంతసేపు మాట్లాడినా కోరంలో ఒక్కరు పెరగరు, చేతులెత్తే వేళ మీ చెయ్యి లెక్కకు రాదు. అయితే సభ్యుడి అభిప్రాయాన్ని ఫోనులో వినకూడదని కూడా చట్టం అనలేదు. వినడానికి సభ ఒప్పుకుంటే అడ్డేమీ లేదు. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. సభలో ఎవరు ఏమన్నారన్నది చివరికి తేలేది మినిట్స్ పుస్తకంలోనే. అందులోకి ఎక్కని మాటను ఆరు నెలల తర్వాత ఎవరూ ఒప్పుకోరు, గుడారంలో నిలబడి మైకులో అరిచి చెప్పినా సరే. అందులోకి ఎక్కిన మాట షార్జా నుంచి వచ్చినా నిలుస్తుంది. మీ ప్రయత్నమంతా ఆ పుస్తకం మీద పెట్టండి.

దీనికి మంచి సాధనం కాగితమే. సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి ఇద్దరి పేరనా ఒక ఉత్తరం రాయండి. మీ పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఓటర్ల జాబితాలో వరుస సంఖ్య ముందు పెట్టండి. ఎజెండాలోని ఏ అంశం గురించి రాస్తున్నారో ఒక వాక్యంలో, మీ అభ్యంతరం ఏమిటో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. పాత పంచాయితీలు, పాలివాళ్ల తగాదాలు అందులో పెట్టకండి. చివర ‘ఈ ఉత్తరాన్ని సభలో చదివి వినిపించి, మినిట్స్‌లో నమోదు చేసి, సభ ఇచ్చిన జవాబు కూడా రాయాలని కోరుతున్నాను’ అని స్పష్టంగా ఉండాలి. సంతకం చేసి ఫొటో తీసి ఇంటికి పంపండి. ఇంట్లోవారు రెండు ప్రతులు తీయించి, ఒకటి పంచాయతీలో ఇచ్చి, రెండోదానిపై ‘అందినది’ అని తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకుండా ఇంటికి రావద్దని చెప్పండి.

గొంతు కూడా వినిపించాలని ఉంటే రికార్డు చేసి పంపడం మేలు. ఎమిరేట్స్‌లో వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి కానీ కాల్ కలవదని మీకు తెలిసిందే. పైగా ఇక్కడ సభ ఉదయం పదకొండుకు అంటే మీకు తొమ్మిదిన్నర, పని మీద ఉండే వేళ. రెండు నిమిషాలు దాటకుండా రికార్డు చేసి కార్యదర్శికి, మీ వార్డు సభ్యుడికి ముందురోజే పంపండి. అందులో మీరు అన్నదీ ఉత్తరంలో రాసిందీ ఒకటే అయి ఉండాలి.

మీ భార్య గురించి రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆమె పేరు కూడా అదే ఓటర్ల జాబితాలో ఉంటుంది కదా. అలాంటప్పుడు ఆమె మీ బదులు సభకు వెళ్లే మనిషి ఎలా అవుతుంది? తన హక్కుతో తానే వెళ్తుంది. మీరు లేని ఇన్నేళ్లూ ఆ పొలానికి ఎరువు తెచ్చింది, కూలీలను పిలిచింది, నీళ్ల వంతు కోసం నిలబడింది ఆమే అయి ఉంటుంది. ఆ గట్టు ఎక్కడుందో మీకంటే ఆమెకే బాగా తెలుసు. నలుగురిలో మాట్లాడటం బెరుకైతే మహిళా సంఘంలోని ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకోమనండి. ‘మా ఆయన పంపిన కాగితం చదవండి, నా మాట కూడా రాయండి’ అన్నా చాలు. మీరు ఫోనులో ఆమెకు ఏం మాట్లాడాలో నేర్పించే ముందు, ఆమె ఏమనుకుంటోందో అడగండి.

భూమి విషయంలో భయపడకండి. గ్రామసభ తీర్మానం ఒక్కదానితో మీ పట్టా భూమి పంచాయతీది అయిపోదు. చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని 300ఏ అధికరణం చెబుతోంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటీసు, పరిహారం ఇచ్చి తీసుకోవాలి, లేదా మీ ఇష్టంతో మీరే రాసివ్వాలి. ఊరి శ్మశానానికి దారి అవసరమే. మరో పక్క నుంచి వీలుంటే ఆ దారిని మీరే చూపిస్తూ ఉత్తరంలో రాయండి. అభ్యంతరంతో పాటు ఉపాయం కూడా చెప్పిన మనిషి మాటకు సభలో బరువు ఎక్కువ.

సభ అయ్యాక మినిట్స్ నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము ఉండదు. మీ ఉత్తరం నమోదు కాకపోతే మండల పంచాయతీ అధికారికి, ఆ తర్వాత జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. హైదరాబాద్ ప్రజా భవన్‌లో మంగళ, శుక్రవారాల్లో జరిగే ప్రజావాణిలో గల్ఫ్ కుటుంబాల కోసం 2024లో ప్రవాసీ ప్రజావాణి కూడా మొదలైంది. ఇంటివాళ్లు అక్కడ అర్జీ ఇవ్వవచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను ములుగు జిల్లాలో పంచాయతీ కార్యదర్శిని. హైదరాబాద్‌లో పనికి వెళ్లినవాళ్లు సభలో ఫోను కలపమని అడుగుతున్నారు. పోయినసారి ఒకరిని కలిపితే మైకు కూత పెట్టి ఎవరికీ ఏమీ వినపడలేదు, సగం మంది లేచిపోయారు. మళ్లీ ప్రయత్నించాలా?
– ఒక కార్యదర్శి, ఏటూరునాగారం వైపు నుంచి

జవాబు: తప్పకుండా ప్రయత్నించండి. మీరు అడిగినందుకే నాకు సంతోషంగా ఉంది. చెత్త సేకరణ, పన్ను వసూలు, మొక్కలకు నీళ్లు, ఆన్‌లైన్ నమోదు, ఇన్నింటి మధ్య కార్యదర్శికి ఊపిరి తిరగదని నాకు తెలుసు.

ఆ కూతకు కారణం చిన్నదే. ఫోను స్పీకరు పెట్టి మైకు ముందు పట్టుకుంటారు. ఫోనులోని గొంతు మైకులోకి, మైకు నుంచి సౌండు బాక్సులోకి వెళ్తుంది. బాక్సు శబ్దం మళ్లీ ఫోనులోకి, మైకులోకి దూరుతుంది. అది తిరిగి తిరిగి పెరిగి కూతవుతుంది. అవతలి మనిషికి తన గొంతే కాస్త ఆలస్యంగా వినపడి మాట ఆగిపోతుంది. మైకు సెట్టు అబ్బాయిని అడిగితే ఫోను నుంచి నేరుగా ఆంప్లిఫయర్‌కు పెట్టే వైరు ఇస్తాడు, పెళ్లిళ్లలో పాటలు పెట్టేది అదే. దానితో కలిపి, సౌండు బాక్సులను జనం వైపు తిప్పి, ఫోనును బాక్సుల వెనక పెట్టండి. సభలో నుంచి జవాబు చెప్పేవారు ఫోను దగ్గరకు వచ్చి మాట్లాడాలి, ఆ సమయంలో మైకు ఆపాలి. సభకు అరగంట ముందు ఒకసారి కలిపి చూసుకోండి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో చూసి కుర్చీలు అటు వేయండి. మీ వైపు కొన్ని ఊళ్లలో బడి మెట్ల మీద అందే సిగ్నల్ పంచాయతీ గదిలో అందదు.

వైరు కంటే ముఖ్యమైనది మీ చేతిలో ఉంది. ఫోనులో ఉన్నవారి పేరు, ఓటరు వరుస సంఖ్య సభకు వినపడేలా చెప్పించండి. ఊళ్లో ఉన్న బంధువు ఒకరు ఆ గొంతు వారిదేనని చెప్పాలి. వారు మాట్లాడాక మీరు రాసుకున్నది వారికే చదివి వినిపించి ‘మీరన్నది ఇదేనా’ అని అడగండి. అవునన్నాక ‘ఫోను ద్వారా తెలిపిన అభిప్రాయం’ అని ప్రత్యేకంగా నమోదు చేయండి. హాజరు పట్టీలో మాత్రం వారి పేరు వద్దు. సభ అయ్యాక ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించే అలవాటు కొన్నిచోట్ల ఎప్పటి నుంచో ఉంది. ఫోను దానికి కొత్త సాకు కాకూడదు. మీది ఏజెన్సీ ప్రాంతం కనుక మరింత జాగ్రత్త కావాలి. అటవీ హక్కుల చట్టం కింద పెట్టే సభకు సభ్యుల్లో సగం మంది, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. పోడు పట్టాల వంటి జీవన్మరణ విషయంలో ఫోనులో ఉన్నవారిని కలిపి కోరం చూపిస్తే, రేపు ఎవరైనా ఆ తీర్మానాన్నే కొట్టివేయించవచ్చు. నష్టపోయేది ఆ కోయ కుటుంబాలే.

కోయ భాషలో మాట్లాడేవారిని మాట్లాడనివ్వండి, తెలుగులో చెప్పమని తొందరపెట్టకండి. పక్కన తెలిసినవారు ఉంటే సారాంశం చెబుతారు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ‘సభాసార్’ అనే సాధనాన్ని తెచ్చింది. సభ రికార్డింగు ఇస్తే కేంద్రం వారి భాషా సాధనం భాషిణి సాయంతో అదే మినిట్స్ తయారు చేస్తుంది. మీ రాత పని తగ్గుతుంది, వాడుకోండి. కానీ గాలి హోరులో, సగం కోయలో సగం తెలుగులో సాగిన సభను యంత్రం ఎంతవరకు పట్టుకుందో మనిషే సరిచూడాలి. అది రాసిన దానిని సభ ముగియక ముందే పైకి చదివితే, తప్పులుంటే ముసలమ్మలే దిద్దుతారు.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. వాళ్ల నగర మండలి సమావేశం ఇంట్లో కూర్చుని చూస్తాడట, ఒక్కోసారి మాట్లాడతాడట కూడా. మన వరంగల్‌లో కాలనీ నాలా గురించి ఎవరేం నిర్ణయించారో మరునాడు పేపరులో చూస్తే తప్ప తెలియదు. మనకు ఆ భాగ్యం ఎప్పుడు?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఉంటున్న రాష్ట్రంలో ఆ హక్కు కంప్యూటర్లతో పాటు వచ్చింది కాదు. 1953లోనే బ్రౌన్ చట్టం అని ఒకటి చేసుకున్నారు. స్థానిక మండళ్ల మామూలు సమావేశానికి 72 గంటల ముందే ఎజెండా అందరికీ కనిపించేలా పెట్టాలి, సమావేశంలో జనానికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి అన్నది అందులో ఉంది. కొవిడ్ వచ్చాక ఆ పునాది మీద వీడియో కలిసింది. అక్కడా అంతా సాఫీగా లేదు. 2023లో కొందరు ముఖం చూపకుండా కలిసి జాతి ద్వేషపు మాటలు వాగితే, చాలా నగరాలు దూరం నుంచి మాట్లాడే అవకాశాన్నే ఆపేశాయి.

ఇంగ్లండ్ సంగతి చూడండి. 2020 ఏప్రిల్‌లో స్థానిక మండళ్లు ఆన్‌లైన్‌లో సమావేశం కావచ్చని ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. 2021 మే 7తో వాటి గడువు తీరింది. కోర్టుకు వెళ్తే, 1972 నాటి చట్టం ప్రకారం సమావేశమంటే మనుషులు ఒకచోట చేరడమేనని హైకోర్టు తేల్చింది. పక్కనున్న వేల్స్ మాత్రం 2021లో తన చట్టంలోనే ఆ వీలును రాసుకుంది. ఒకే దేశంలో ఒకచోట ఆగింది, మరోచోట నిలిచింది. అధికారి మంచివాడైతే దొరికి, బదిలీ అయితే పోయే సౌకర్యం నాకు వద్దు. మన 2019 పురపాలక చట్టంలో, 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఒక్కో సెక్షన్ చేర్చి, సభను దూరం నుంచి చూడటం, అభిప్రాయం చెప్పడం పౌరుల హక్కు అని రాయాలి. ఓటు, కోరం మాత్రం ఎదురుగా ఉన్నవారికే ఉండాలి. ఈ మాట ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పరికరాలు లేవంటే నేను ఒప్పుకోను. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. 2024 మార్చిలో ‘రైతు నేస్తం’ పేరిట తొలి విడతగా 110 వేదికల్లో తెరలు, కెమెరాలు పెట్టి, హైదరాబాద్‌లోని శాస్త్రవేత్తలతో రైతులను మాట్లాడించడం మొదలుపెట్టారు. వరి తెగులు గురించి మాట్లాడగలిగిన తెర మీద వార్డు నాలా గురించి మాట్లాడలేమా? మన సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పును అనుసరించి, 2022 సెప్టెంబరు 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణలను దేశమంతా ఇంట్లో చూస్తోంది. అంతటి కోర్టుకు లేని మొహమాటం నగరపాలక సంస్థలకు ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పటికిప్పుడు మీరు చేయగలిగింది ఒకటుంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో ఎనిమిదో అంశం ప్రకారం, ప్రతి ప్రభుత్వ సంస్థ తన మండళ్లు, కమిటీల సమావేశాలకు జనం రావచ్చా, వాటి మినిట్స్ జనానికి దొరుకుతాయా అన్నది ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ఆ ప్రకటన చూపించమని కార్పొరేషన్‌కు కాలనీ తరఫున ఉత్తరం రాయండి. ఆ కాగితం చేతికి వచ్చాక తర్వాతి అడుగు మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరగబోతోంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. బాంబుల దెబ్బకు మా ఇంటి గోడలు పగుళ్లు తేలాయి. అమ్మానాన్నలు మైకు ముందు చెప్పలేరు. వీడియోలో నేను మాట్లాడే వీలుందా?
– భూపాలపల్లి జిల్లా పాఠకురాలు

జవాబు: అమ్మాయీ, ఈ సభకు నియమాలు వేరు. కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఇది జరుగుతుంది. అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలని ఉంది. వీడియోలో మాట్లాడే హక్కు అందులో లేదు. కానీ ప్రజాభిప్రాయం సేకరించడానికి అదే నోటిఫికేషన్ రెండు దారులు పెట్టింది. ఒకటి స్థలం దగ్గర సభ, రెండోది రాతపూర్వక అభిప్రాయం. ఈ రెండో దారి మీలాంటి వాళ్ల కోసమే. జనం దీన్ని వాడుకోకపోవడం చూస్తే నాకు కడుపు రగులుతుంది. సభ రోజు గుడారం, పోలీసులు, అనుకూలంగా మాట్లాడేవారి వరుస, ఈ హడావుడిలో అసలు నష్టపోయే కుటుంబం వెనక కుర్చీలో కూర్చుని ఇంటికి వెళ్లిపోతుంది. రాసి పంపిన ఉత్తరానికి ఆ తోపులాట ఉండదు.

సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. ప్రాజెక్టు సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి దొరకాలి. నాన్నగారిని పంపి పేజీలు ఫొటో తీయించుకోండి. అందులో పేలుళ్లు, ప్రకంపనల గురించి ఏం రాశారో చదివి, ఆ పేజీ సంఖ్య వేసి మీ సంగతి రాయండి. ‘మాకు చాలా ఇబ్బందిగా ఉంది’ అంటే ఎవరూ పట్టించుకోరు. గని అంచు నుంచి మీ ఇల్లు ఎంత దూరం, పేలుడు ఏ వేళ జరుగుతుంది, ఏ గోడకు ఎప్పుడు పగులు వచ్చింది, బావిలో నీళ్లు ఎంత లోతుకు పోయాయి, ఇవి రాయాలి. పగులు పక్కన స్కేలు ఆనించి తీసిన ఫొటో జతచేయండి. కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టర్‌కు విడివిడిగా స్పీడ్ పోస్టులో పంపండి.

అమ్మానాన్నలు సభకు తప్పక వెళ్లాలి. సభ మొత్తం వీడియో తీయాలన్న నియమం ఉంది, కాబట్టి ‘మా బిడ్డ రాసిన ఉత్తరం ఇచ్చాం, ఇదిగో రసీదు’ అన్న ఒక్క వాక్యం వాళ్ల నోట వస్తే అది రికార్డులో నిలుస్తుంది. సభ చివర జనం చెప్పిన అంశాల సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. అప్పటిదాకా కదలవద్దని వాళ్లకు చెప్పండి. ఆ చదివిన దానిలో ఇళ్ల పగుళ్ల మాట లేకపోతే అక్కడే లేచి అడగాలి, ఎందుకంటే మినిట్స్ మీద అదే రోజు సంతకం అవుతుంది. ఈ సభకు కోరం లేదు, పదిమందే వచ్చినా జరిగినట్టే. ఊరంతా బహిష్కరించి ఇంట్లో కూర్చుంటే సభ ఆగదని కూడా గుర్తుంచుకోండి.

కరెంటు చార్జీల మీద కూడా ఇలాంటి అవకాశమే ఉంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, చార్జీలు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలను పరిశీలించాలి. హనుమకొండలో కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఉన్నా, మన రైతులు, చిన్న పరిశ్రమల వాళ్లు రాసేది చాలా తక్కువ. పేపరులో ఆ ప్రకటన చూసినప్పుడు పక్కకు తిప్పేయకండి.

ప్రశ్న: నా వయసు డెబ్బై దాటింది. డయాలిసిస్ మీద ఉన్నాను. కాజీపేట నుంచి మా జిల్లాలో సోమవారం జరిగే ప్రజావాణికి వెళ్లి వరుసలో నిలబడలేను. ఇంటి నుంచే అధికారులతో మాట్లాడే మార్గం ఉందా?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి

జవాబు: అయ్యా, మీరు వెళ్లనక్కర్లేదు. మీ సంతకం ఉన్న అర్జీని ఎవరిచేతనైనా పంపవచ్చు, ‘అర్జీదారు రాలేని స్థితిలో ఉన్నారు, ఈ ఫోను నంబరుకు మాట్లాడగలరు’ అని పైన పెద్ద అక్షరాలతో రాయండి. అర్జీ సంఖ్య ఉన్న రసీదు మాత్రం తప్పక తెప్పించుకోండి. మీ సమస్య కాలనీకి సంబంధించినదైతే ఇంకో దారి ఉంది. 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టింది. యువత, మహిళలు, ప్రముఖ పౌరులతో పాటు వృద్ధులకు ఒకటి. మీ డివిజన్‌లో ఆ వృద్ధుల కమిటీలో ఎవరున్నారో కనుక్కుని, సమావేశమైనప్పుడు మిమ్మల్ని ఫోనులో కలపమని అడగండి. వృద్ధుల కోసం పెట్టిన కమిటీయే వృద్ధులను మెట్లెక్కి రమ్మనడం భావ్యం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది, ఆ అర్జీలోనే ఆ సంగతీ ఒక వాక్యం రాయండి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ప్రశ్న: సమాచార కమిషన్‌లో నా రెండో అప్పీలు విచారణకు వచ్చేలా ఉంది. మంచిర్యాల నుంచి హైదరాబాద్ వెళ్లిరావడానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. వీడియోలో హాజరు కావచ్చా?
– మంచిర్యాల పాఠకుడు

జవాబు: కావచ్చు. రాష్ట్ర సమాచార కమిషన్లన్నీ నేరుగానూ వీడియో ద్వారానూ హాజరయ్యే వీలు రెండూ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 9న ఆదేశించింది, దానికి ఆ ఏడాది డిసెంబరు 31 వరకు గడువు పెట్టింది. నోటీసు రాగానే, అప్పీలు సంఖ్య వేసి, వీడియో ద్వారా హాజరవుతానని కమిషన్‌కు రాతపూర్వకంగా తెలపండి. విచారణ రోజు మీ దరఖాస్తు, మొదటి అప్పీలు, వాటి రసీదులు తేదీల వరుసలో ముందు పెట్టుకుని కూర్చోండి. మధ్యలో లైను తెగిపోతే వెంటనే తిరిగి కలవండి. కలవకపోతే ఆ సమయం రాసి, మీరు చెప్పదలచుకున్నది అదే రోజు ఈమెయిలులో పంపి, దాన్ని ఫైలులో చేర్చమని కోరండి.